దాని పాటికి దాన్ని వదిలేస్తే

"దాని పాటికి దాన్ని వదిలెయ్ అమ్మణ్ణీ. ఉంటే ఉంటాది, పోతే పోతాది."

బెంగళూరు దగ్గరి దేవనహళ్ళి చుట్టుపక్కల పల్లెల్లో జబ్బుపడ్డ కోడిపిల్ల గురించి ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఇదే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఈ మాట రెండు భాషల్లోనూ ఒకేలా వినిపిస్తుంది. 2008లో విమానాశ్రయం వచ్చాక ద్రాక్షతోటలూ చక్కోత (పంపరపనస) చెట్లూ తగ్గి లేఅవుట్లు పెరిగాయి గానీ, పెరట్లో నాలుగు నాటుకోళ్ళు ఉంచుకునే అలవాటు పోలేదు. కోళ్ళున్న ఇంట్లో పిల్లలు లేస్తాయి. లేచిన పిల్లల్లో బతకనివి ఒకటో రెండో ఉంటాయి. వాటి విషయంలో మనం చేసేదేమిటి, చెయ్యాల్సిందేమిటి, ఇంతవరకు లోకం దీని గురించి ఏం ఆలోచించింది అన్నది ఒకచోట పెట్టి చూడాలని ఈ ప్రయత్నం.

నేను ఈ ప్రశ్న దగ్గరికి పుస్తకాల దారిన రాలేదు. ఒక సాయంత్రం పిల్లల్ని తల్లితో సహా గంప కింద మూస్తుంటే, వెనకబడిన పిల్ల ఒకటి గంప అంచు కింద నలిగింది. నాలుగు రోజుల పిల్ల. నడుం విరిగింది. కాళ్ళు రెండూ వెనక్కి చాచుకుపోయాయి. రెక్కలు నేలకు ఆనించి, తల్లి గొంతు వినిపించిన వైపు పాకాలని చూసింది. అట్టపెట్టెలో గుడ్డ పరిచి, పైన బల్బు పెట్టి, వేలికొసతో నీటిచుక్క దాని ముక్కుకు తగిలించాను. పక్కింటి అవ్వ ఆ మాటే అంది. నేనూ ఆ మాటే పట్టుకున్నాను. ఆ రాత్రి బతికింది, మర్నాడు పగలంతా బతికింది, మళ్ళీ రాత్రి బతికింది. మూడోనాడు తెల్లవారుజామున పోయింది. ఆ ముప్పై ఆరు గంటలూ నేను దయ చూపిస్తున్నాననే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

కోడిపిల్లకు అంత బాధ తెలుస్తుందా అని కొందరు అడుగుతారు. తెలుస్తుంది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కుంటుతున్న బ్రాయిలర్ కోళ్ళ ముందు రెండు రంగుల దాణా పెట్టారు. ఒకదానిలో కార్ప్రోఫెన్ అనే నొప్పిమందు కలిపారు. కుంటుతున్నవి మందు కలిసిన దాణానే ఎక్కువగా ఎంచుకున్నాయి. కుంటు ఎంత తీవ్రమైతే అంత ఎక్కువగా తిన్నాయి. నొప్పి అనే మాట తెలియని ప్రాణి, నొప్పి తగ్గించే గింజను వెతుక్కుని తింటోందంటే ఇక వాదించడానికి ఏం మిగిలింది?

అయితే ఆ బాధ మనకు కనిపించే తీరు మోసం చేస్తుంది. సుఖంగా ఉన్న పిల్ల చిన్నగా, తెరలు తెరలుగా కిచకిచమంటుంది. ఆపదలో ఉన్నది గట్టిగా, సాగదీసి, ఆగకుండా అరుస్తుంది. అంతవరకు ఎవరికైనా తెలుసు. బాగా నీరసించిన పిల్ల మాత్రం అరవదు. గద్దకూ కాకికీ ఆహారమయ్యే జాతి కాబట్టి జబ్బును దాచుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. ఈకలు ఉబ్బించి, రెక్కలు వాల్చి, కళ్ళు మూసుకుని మూల నిలబడుతుంది. అరుపు ఆగగానే మనం "నిమ్మళించింది" అనుకుంటాం. నా పిల్ల కూడా మొదటి రాత్రి పది దాటాక అరవడం మానేసింది. నేను నిమ్మళించిందనే అనుకుని పడుకున్నాను.

ఇక చంపడం గురించి మాట్లాడే ముందు, చంపకూడని పిల్లల గురించి చెప్పాలి. పొరపాటు ఆ వైపు కూడా చాలా జరుగుతుంది.

అన్నిటికన్నా ముందు వేడి. గుడ్డులోంచి వచ్చిన మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర వెచ్చదనం కావాలి. తల్లి రెక్కల కింద అది దొరుకుతుంది. దేవనహళ్ళి ఎత్తులో, నంది హిల్స్ గాలి తగిలే చోట, డిసెంబరు జనవరి రాత్రుల్లో తల్లి రెక్క తప్పిన పిల్ల గంటలో చల్లబడిపోతుంది. మెడ వేలాడేస్తుంది, కాళ్ళు బిగుసుకుంటాయి, ముక్కు తెరుచుకుని ఉంటుంది. చూసినవాళ్ళు ఇక లేదనుకుంటారు. దాన్ని ఒంటికి ఆనించుకునో, బల్బు కిందో మెల్లగా వెచ్చబెడితే అరగంటలో లేచి నిలబడ్డ పిల్లల్ని నా చేతుల్లోనే చూశాను. చల్లగా ఉన్న పిల్ల బతకదని తేల్చకూడదు. ముందు వెచ్చబెట్టాలి, ఆ తర్వాతే తేల్చాలి.

తిండి తినడం లేదన్నది కూడా తొలి రెండు రోజుల్లో గుర్తు కాదు. గుడ్డులోని పచ్చసొన మిగులు పిల్ల పొట్టలోకి చేరి రెండు మూడు రోజులు దాన్ని పోషిస్తుంది. హేచరీలు ఒకరోజు పిల్లల్ని పెట్టెల్లో పెట్టి దూరాభారాలకు పంపగలుగుతున్నది ఆ ఆధారంతోనే. అలాగే గుడ్డుకు చిల్లు పెట్టుకున్న పిల్ల బయటికి రావడానికి ఇరవైనాలుగు గంటల వరకు పట్టవచ్చు. ఆగలేక పెంకు ఒలిచేవాళ్ళు, ఇంకా ఆరని రక్తనాళాల్ని తెంపి, బతకాల్సిన పిల్లను చేజేతులా బతకనిదిగా చేస్తారు.

కాళ్ళు రెండూ చెరోవైపు చాపేసుకున్న పిల్ల మరొకటి. నున్నటి నేల మీదో, న్యూస్‌పేపరు మీదో పెరిగిన పిల్లల్లో ఇది ఎక్కువ. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది గానీ, మొదటి రెండు మూడు రోజుల్లో పట్టుకుంటే రెండు కాళ్ళనూ సహజమైన ఎడంలో ఉంచి మెత్తటి బ్యాండేజీ ముక్కతో కలిపి కట్టి, గరుకు గుడ్డ మీద నడిపిస్తే మూడు నుంచి ఐదు రోజుల్లో చాలావరకు చక్కబడుతుంది. కాలివేళ్ళు లోపలికి ముడుచుకుపోతే రైబోఫ్లావిన్ లోపం కావచ్చు. మెడ వెనక్కి విరుచుకుని ఆకాశం చూస్తుంటే థయామిన్ లోపం కావచ్చు. తల తిప్పుకుని పడిపోతుంటే విటమిన్ ఈ లోపం కావచ్చు. మందుల షాపులో దొరికే విటమిన్ చుక్కలతో రెండు మూడు రోజుల్లో తేడా కనిపిస్తుంది. వెనకద్వారానికి పెంట అంటుకుని మూసుకుపోయిన పిల్లకు గోరువెచ్చని నీళ్ళతో తడిపి తుడిస్తే చాలు. గట్టిగా లాగితే చర్మం ఊడి వస్తుంది. నెత్తుటి విరేచనాలు చూసి భయపడేవాళ్ళు చాలామంది. అది కాక్సీడియోసిస్ అయితే ఆంప్రోలియం అనే మందుంది, సమయానికి ఇస్తే లొంగుతుంది. ఇవన్నీ బతికే పిల్లలు. ఓపిక లేకనో, తెలియకనో వీటి మెడ విరవడం దయ కాదు.

బతకనివి వేరు. నడుం విరిగి కాళ్ళలో స్పర్శ పోయినది. కాకి పొడిచి పేగులు బయటపడ్డది. కుక్క నోట్లోంచి విడిపించిన, రొమ్ము చితికిన పిల్ల. పుర్రె పగిలినది. బొడ్డు మూసుకోక, కుళ్ళి, పొట్ట నీలంగా ఉబ్బి దుర్వాసన వేస్తున్నది. లోపల పచ్చసొన సంచి చెడిపోయాక ఏ మందూ దాన్ని చేరదు. కొక్కెర రోగం నరాలకు ఎక్కి, మెడ మెలితిరిగి, నీళ్ళు కూడా ముక్కుకు అందుకోలేని దశకు వచ్చినది. ఈ రోగాన్ని మన దేశంలో 1920లలో కుమావు కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు, అందుకే లోకమంతా న్యూకాసిల్ అంటే మనం రాణిఖేత్ అంటాం. టీకా ఉంది, నరాలకు ఎక్కాక మందు లేదు. మారెక్స్ జబ్బుతో ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ పడిపోయిన పిల్లకూ అంతే.

ఈ రెండు గుంపుల మధ్య కచ్చితమైన గీత ఉండదు. మెడ తిరిగిన పిల్లను చూసి అది విటమిన్ లోపమో, రాణిఖేతో పశువైద్యుడైనా మొదటి చూపులో చెప్పలేకపోవచ్చు. అందుకని ఎవరికి వారు ఒక గడువు పెట్టుకోవాలి. నేను పెట్టుకున్నది చెబుతాను. గాయం వల్ల వచ్చిన బాధ అయితే, అది మానే గాయం కాదని కంటికి తెలుస్తుంటే, గడువు లేదు. ఆ గంటే. జబ్బు అయితే వెచ్చదనం, నీళ్ళు, మందు ఇచ్చి ఒక పగలూ ఒక రాత్రీ. ఆలోపు తానై నీళ్ళు తాగాలి, తానై నిలబడాలి, లేదా నిన్నటి కన్నా ఇవాళ కొంచెమైనా మెరుగనిపించాలి. పుట్టు అవకరమైతే ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు. వంకర ముక్కుతో, ఒంటి కంటితో కూడా కోడి బతుకుతుంది. తిండి దగ్గరికి తానే చేరుకోగలదా, తోటి పిల్లలు తొక్కినా పొడిచినా తప్పుకోగలదా అన్నదే చూడాలి. ఈ గడువును పెట్టె ముందు కూర్చున్నాక కాదు, ముందే నిర్ణయించుకోవాలి. పెట్టె ముందు కూర్చున్నాక మన మనసు ఇంకో గంట, ఇంకో గంట అంటూనే ఉంటుంది.

ఇక్కడ మన పల్లెల అలవాటులోని ఒక వైరుధ్యం చెప్పక తప్పదు. ఎదిగిన కోడిని బండి తొక్కితే, కాలు విరిగితే, ఎవరూ "దాని పాటికి వదిలెయ్" అనరు. కత్తి తెస్తారు. పది నిమిషాల్లో దాని బాధ తీరిపోతుంది, సాయంత్రానికి కూర అవుతుంది. పిల్లకు మాంసం ఉండదు. అందుకని కత్తి ఎత్తే చెయ్యి కూడా ఉండదు. కూరకు పనికొచ్చేదానికి వెంటనే విముక్తి, పనికిరానిదానికి రెండు రోజుల యాతన. మన దయలో ఇంత లెక్క ఉందని ఆ పెట్టె పక్కన కూర్చునేదాకా నాకు తట్టలేదు.

ఈ దేశంలో ఈ ప్రశ్న మీద అన్నిటికన్నా గట్టి చర్చ కోడిపిల్ల మీద కాదు, ఒక లేగదూడ మీద జరిగింది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ తీవ్రంగా గాయపడి, పక్కకు ఒత్తిగిలలేని స్థితిలో పడి ఉంది. పశువైద్యులు ఆశ వదులుకున్నారు. గాంధీ ఆశ్రమవాసులతో చర్చించారు. వ్యతిరేకించినవాళ్ళూ ఉన్నారు. చివరికి ఆయన తన సమక్షంలోనే డాక్టరుతో విషపు ఇంజెక్షను ఇప్పించారు. రెండు నిమిషాల్లోపే అయిపోయింది. ఆ విషయాన్ని దాచకుండా తన పత్రికల్లో రాశారు. దేశం నలుమూలల నుంచీ కోపంతో ఉత్తరాలు వచ్చాయి. అహింసావాదే హింస చేశాడని నిందించారు. వాటికి జవాబుగా ఆయన పెట్టిన నిబంధనల సారం ఇది: జబ్బు నయం కానిదై ఉండాలి, చూసుకుంటున్న వాళ్ళందరూ ఆశ వదులుకుని ఉండాలి, ఏ సేవా ఉపశమనం ఇవ్వలేని స్థితి అయి ఉండాలి, బాధపడే ప్రాణి తన కోరిక చెప్పలేనిదై ఉండాలి. దాదాపు వందేళ్ళయినా పశువుల విషయంలో ఇంతకన్నా సూటి కొలబద్ద నాకు కనబడలేదు. నడుం విరిగిన నా పిల్ల ఈ నాలుగింటికీ మొదటి సాయంత్రమే సరిపోయింది.

ఎదుటి వాదన కూడా చిన్నది కాదు. జైన సంప్రదాయం దాన్ని అన్నిటికన్నా నిజాయితీగా పాటిస్తుంది. పశ్చిమ భారతంలోని పాంజ్రాపోళ్ళలో ముసలి, రోగిష్టి పశువుల్ని సహజంగా చనిపోయేదాకా పోషిస్తారు. ఢిల్లీలో ఎర్రకోట ఎదురుగా ఉన్న లాల్ మందిర్‌లో పక్షుల కోసమే ఆసుపత్రి నడుపుతారు. ప్రాణం తీసే హక్కు ప్రాణం పొయ్యలేని మనకు లేదన్నది వాళ్ళ మాట. ఆ మాటను నేను గౌరవిస్తాను, ఎందుకంటే వాళ్ళు వదిలెయ్యరు, కూర్చుని చూసుకుంటారు. మందు పెడతారు, నీళ్ళు పడతారు. "దాని పాటికి వదిలెయ్" అనే మన మాటకూ ఆ నిష్ఠకూ సంబంధం లేదు. సేవ చెయ్యనివాళ్ళు అహింస పేరు చెప్పుకోవడం సరికాదు.

అది దాని కర్మ, అనుభవించనీ అనేవాళ్ళున్నారు. ఆ కర్మలో మన చెయ్యి ఉంది కదా. గుడ్లు ఎంచి పొదగబెట్టింది మనం, గంప మూసింది మనం. మన చేతి కిందకు వచ్చిన ప్రాణి బాధకు మనం బయటివాళ్ళం కాలేం. ఇస్లాం సంప్రదాయం ఈ బాధ్యతను పనిలోకి దింపి చెప్పింది: కొయ్యబోయే కత్తిని ముందే పదును పెట్టుకోవాలి, జంతువుకు బాధ తగ్గించాలి. మన పల్లెల్లో కోడి కొయ్యడానికి ముల్లాను పిలిచే అలవాటు చాలా చోట్ల ఉండేది. ఆ చేతి నేర్పు చూసినవాళ్ళకు పదును అంటే ఏమిటో తెలుసు.

ఎలా అన్న దగ్గరికి వస్తే, ముందు చెయ్యకూడనివి. నీళ్ళలో ముంచడం, సంచిలో కట్టి పడెయ్యడం, పెంటదిబ్బ మీద కాకులకు వదలడం, గోడకు కొట్టడం ఇక్కడ జరుగుతున్నవే. నగరం నుంచి కొత్తగా వచ్చినది ఫ్రిజ్‌లో పెట్టడం. నిద్రలా పోతుందని చెప్పుకుంటారు. అలా జరగదు. వెచ్చదనానికి అంతగా తహతహలాడే ప్రాణికి మెల్లగా గడ్డకట్టడం కన్నా కఠినమైన చావు ఉండదు. అమెరికా పశువైద్య సంఘం 2020 మార్గదర్శకాలు నీళ్ళలో ముంచడాన్నీ, స్పృహలో ఉన్న జంతువును గడ్డకట్టించడాన్నీ అంగీకరించవు. వంటసోడా, వెనిగర్ కలిపి డబ్బాలో వాయువు పుట్టించే ఇంటి చిట్కా కూడా పనికిరాదు. సిలిండరు లేకుండా పుట్టించిన వాయువు మోతాదు ఎవరికీ తెలియదు. పైగా గుడ్డులో ఉన్నప్పుడే కార్బన్ డయాక్సైడుకు అలవాటుపడిన పిల్ల ఎదిగిన కోడి కన్నా దాన్ని ఎక్కువసేపు తట్టుకుంటుంది. హేచరీల్లో ఆ వాయువు వాడినా చాలా ఎక్కువ గాఢతలో వాడాల్సి వస్తుందంటే కారణం ఇదే.

మంచి దారి పశువైద్యుడు. మత్తు ఇచ్చి, తర్వాత మందుతో ముగిస్తారు. పిల్లకు ఏమీ తెలియదు. దేవనహళ్ళి నుంచి హెబ్బాళ పశువైద్య కళాశాల గంట ప్రయాణం. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సేవ కర్ణాటకలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది. కానీ ఆదివారం రాత్రి తొమ్మిదింటికి, పేగులు బయటపడ్డ నాలుగు రోజుల పిల్లను పట్టుకుని బస్సెక్కడం అంటే దాని బాధను ఇంకొన్ని గంటలు పొడిగించడమే. అప్పుడు పని మన చేతిదే.

చేతితో చేసే పనుల్లో పశువైద్య మార్గదర్శకాలు షరతులతో ఒప్పుకునేవాటిలో రెండు చెబుతాను. ఒకటి తలను మెడ నుంచి తప్పించడం, రెండోది పదునైన పరికరంతో ఒక్క వేటున తల వేరు చెయ్యడం. మొదటిదానిలో కిటుకు మెడను మెలితిప్పడంలో లేదు, నలపడంలో అసలే లేదు. పుర్రె కిందే, మొదటి ఎముక దగ్గర, సాగదీస్తూ ఒక్కసారిగా వెనక్కి వంచాలి. వేళ్ళ మధ్య ఖాళీ తెలియాలి. మెడ మధ్యలో ఎముకను నలిపితే పిల్ల ఊపిరాడక నెమ్మదిగా చస్తుంది. రోజుల పిల్లలకు రెండో పద్ధతే సురక్షితమని నా అభిప్రాయం. పదునైన పెద్ద కత్తెర, గట్టి చెయ్యి, సందేహం లేని ఒక్క కోత. చూడ్డానికి కష్టం మనకే, పిల్లకు కాదు. మొద్దు కత్తెరతో, వణికే చేత్తో ఈ పనికి పూనుకోకూడదు. చెయ్యి వణుకుతుంటే నేర్పున్న మనిషిని పిలవాలి, అందులో సిగ్గు లేదు.

తర్వాత ఒకటి రెండు నిమిషాలు రెక్కలు కొట్టుకోవచ్చు, కాళ్ళు తన్నుకోవచ్చు. అవి నరాల కదలికలు, బాధ కాదు. ఇది తెలియక చాలామంది బెదిరి, పని సగంలో వదిలేశామనుకుని రెండోసారి గాయపరుస్తారు. మెడ విరిచిన పిల్లలో కనుగుడ్డును మెల్లగా తాకితే రెప్ప కదలకూడదు, ఊపిరి ఉండకూడదు, రొమ్ము మీద వేలు పెడితే గుండె ఆడకూడదు. కొన్ని నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. తల్లి కోడి కళ్ళముందు ఈ పని చెయ్యొద్దు. 2001 నాటి కబేళా నిబంధనలు కూడా ఒక జంతువును మరో జంతువు చూస్తుండగా కొయ్యకూడదన్నాయి. కబేళాకే ఆ మర్యాద ఉంటే పెరటికి ఉండొద్దా? చివరగా, కుక్కలు తవ్వలేనంత లోతున, బావికి దూరంగా, సున్నం చల్లి పూడ్చాలి. మందుతో పోయిన పిల్లను కుక్కకు వెయ్యకూడదు.

చట్టం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువు అంది కాబట్టి కోడిపిల్లా అందులోకి వస్తుంది. మూడో సెక్షను, జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్ళు దానికి అనవసరమైన బాధ కలగకుండా చూడాలంటుంది. పదకొండో సెక్షను అనవసరమైన క్రూరత్వంతో చంపడాన్ని నేరం అంటుంది. తొలి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై వరకు. పదమూడో సెక్షను నయం కాని బాధలో ఉన్న జంతువును చంపించే దారి చూపుతుంది. అంటే బాధ తీర్చడానికి చంపడం మన చట్టానికి కొత్త కాదు. కుక్కలను ఎలా సాగనంపాలో 2001, 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు మందు పేరుతో సహా రాశాయి. పెరటి కోడిపిల్ల గురించి అలాంటి ఒక్క వాక్యం లేదు.

ఒక్క పిల్ల దగ్గర ఇంత ఆలోచిస్తున్నామంటే, వేల పిల్లల సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. 2012 అక్టోబరులో హెసరఘట్టలోని కేంద్ర కోళ్ళ అభివృద్ధి సంస్థలో బర్డ్ ఫ్లూ బయటపడి అక్కడి పక్షుల్ని చంపాల్సి వచ్చింది. 2025 ఆరంభంలో గోదావరి జిల్లాల్లో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లోనూ, కొద్ది వారాలకే మనకు పక్కనే ఉన్న చిక్కబళ్ళాపురం తాలూకా వరదహళ్ళి పెరటికోళ్ళలోనూ బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 తేలింది. రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు పరిధిలోని కోళ్ళన్నిటినీ చంపి పూడ్చడం నియమం. అది తప్పదు, మనుషుల ప్రాణాల మాట కూడా ఉంది కాబట్టి. కానీ ఎలా అన్న ప్రశ్న అక్కడే మాయమవుతుంది. యూరోపియన్ యూనియన్ 2009 నిబంధన ఒక మనిషి చేత్తో మెడ తప్పించే కోళ్ళు రోజుకు డెబ్భై మించకూడదనీ, మూడు కిలోల కన్నా బరువున్న పక్షికి ఆ పద్ధతి వాడకూడదనీ అంది. దయ ఉన్న చెయ్యి కూడా అలసిపోతే తప్పు చేస్తుందని ఒప్పుకున్న లెక్క అది. ప్లాస్టిక్ సూట్లలో, ఎండలో, పొద్దుటి నుంచి చీకటి దాకా వందల కోళ్ళ మెడలు తిప్పే మన కూలీలకూ సిబ్బందికీ అలాంటి హద్దు అవసరం. కోడి కోసమూ, ఆ మనిషి కోసమూ.

గుడ్ల పరిశ్రమలో పుట్టిన రోజే అక్కరకు రాకుండాపోయే మగపిల్లల సంగతి వేరే వ్యాసమంత ఉంది. జర్మనీ 2022 జనవరి 1 నుంచి వాటిని చంపడాన్ని నిషేధించింది. ఫ్రాన్సు అదే దారి పట్టింది. గుడ్డులోనే ఆడా మగా కనిపెట్టే యంత్రాలు అక్కడ వచ్చాయి. మన దగ్గర ఆ పిల్లల్లో కొన్ని మరో దారిన ఇళ్ళకు వస్తాయి. సంతల్లో, జాతరల్లో బుట్టలో గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగులు వేసి అమ్మే పిల్లలు అవే. దేవనహళ్ళి కొత్త అపార్టుమెంట్లలో నన్ను కోడిపిల్ల గురించి అడిగేవాళ్ళలో సగం మంది ఈ రంగు పిల్లల్ని కొన్న తల్లిదండ్రులే. తల్లి లేదు, వేడి లేదు, రోజంతా పసిచేతుల్లో నలగడం. మూడో రోజుకు తల వాలుస్తుంది. అప్పుడు ఫోను వస్తుంది: "అక్కా, పాప ఏడుస్తోంది, ఏం చెయ్యమంటారు?"

మొదట వేడి పెట్టమంటాను. సగం సార్లు అదే సరిపోతుంది. సరిపోకపోతే, పాప నిద్రపోయాక రహస్యంగా పారేసి ఎగిరిపోయిందని చెప్పొద్దంటాను. కోడిపిల్ల ఎగరదని ఆరేళ్ళ పిల్లకు తెలుసు. దానికి చాలా నొప్పిగా ఉంది, ఇక తగ్గదు, డాక్టరు గారు నొప్పి లేకుండా చేశారు అని ఉన్నమాట చెప్పాలి. కావాలంటే పూడ్చేటప్పుడు పాప చేత ఒక పువ్వు వేయించాలి. చంపే పని మాత్రం పిల్లల ఎదుట వద్దు. వచ్చే జాతరలో రంగు పిల్లను కొనకపోవడం అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని, అది కూడా పాపతోనే మాట్లాడి తేల్చుకోవాలి.

ప్రభుత్వాలు పెరటి కోళ్ళ పథకాల కింద ఊళ్ళలో ఆడవాళ్ళకు పిల్లల్ని పంచుతాయి. టీకా ఎప్పుడు, దాణా ఎంత, గుడ్లు ఎన్ని అని చెబుతాయి. బతకని పిల్లను ఏం చెయ్యాలో ఎక్కడా చెప్పవు. హెసరఘట్టలో శిక్షణ ఇచ్చేవారికీ, హెబ్బాళలో, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ళ మీద పనిచేసే శాస్త్రవేత్తలకూ, తాలూకా పశువైద్యులకూ నాదొక విన్నపం. పిల్లలతో పాటు ఒక్క కాగితం ఇవ్వండి, తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. ఏ పిల్ల బతుకుతుంది, ఏది బతకదు, ఎంతసేపు ఆగాలి, ఆగాక ఏం చెయ్యాలి. శిక్షణలో ఒక గంట, చచ్చిన పిల్ల మీదే, ఆ చేతి పని చూపించి నేర్పండి. కోళ్ళు పెంచే అక్కచెల్లెళ్ళకూ ఒక మాట: ఆ పని వచ్చిన మనిషి మీ ఊళ్ళో ఎవరో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి, పదునైన కత్తెర ఒకటి విడిగా ఉంచుకోండి. పొదుగు కోడి గంపలో కూర్చున్న ఇరవై ఒక్క రోజుల్లో ఇవి రెండూ అయిపోవాలి.